రీస్లింగ్ సీసా మీది చీటీ

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయానికి పక్కనే ర్యూసెల్స్‌హైమ్ అనే ఊరుంది. ఇక్కడ జర్మనీలో చదువుకునే మన పిల్లలకు అది ఓపెల్ కార్ల ఫ్యాక్టరీ ఊరుగానే తెలుసు. ఆ ఊరి కోట లెక్కల్లో 1435 మార్చి 13 నాటి పద్దు ఒకటుంది. కాట్సెనెల్న్‌బోగెన్ ప్రభువు నాలుగో యొహాన్ తోటలో నాటడానికి రీస్లింగ్ తీగలు కొన్నామని, 22 షిల్లింగులు అయ్యాయని గుమాస్తా రాసుకున్నాడు. రీస్లింగ్ అనే ద్రాక్ష పేరు కాగితానికెక్కడం అదే మొదలు. ఖర్చుల చిట్టాలో పుట్టిన ఈ పేరు ఆ తర్వాత దాదాపు 600 ఏళ్లుగా లెక్కల పుస్తకాలను వదల్లేదు. శిస్తు, సుంకం, వేలం పాట, చట్టం: ఈ నాలుగూ తెలిస్తే రీస్లింగ్ చరిత్ర తెలిసినట్టే. జర్మనీ చరిత్ర కూడా చాలావరకు తెలిసిపోతుంది.

నేనుండేది మైంజ్‌లో. నది దాటితే రైన్‌గావ్ కొండలు, అన్నీ ద్రాక్షతోటలే. శనివారం సంతలో కూరగాయలు కొనుక్కున్న జనం, సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని, చర్చి పక్కన నిలబడి పొద్దున్నే వైన్ తాగుతారు. ఎవరూ తూలరు, ఎవరూ సిగ్గుపడరు. మన దగ్గర ‘వైన్స్’ అని బోర్డున్న కొట్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి కాబట్టి, ఇక్కడికొచ్చేదాకా నాకు వైన్‌లో ఎరుపు, తెలుపు తప్ప వేరే తేడా తెలియదు. రీస్లింగ్ రుచి చూశాక ఆసక్తి మొదలైంది. ముందు పచ్చి ఆపిల్ పులుపు నాలుక అంచుల్ని పట్టుకుంటుంది, తీపి తర్వాత నెమ్మదిగా వస్తుంది. పదేళ్లు దాచిన సీసా తీస్తే ఒక్కోసారి కిరసనాయిలు వాసన వేస్తుంది. అది కల్తీ కాదు. ఎండ బాగా తగిలిన ద్రాక్షలో ఉండే కొన్ని పదార్థాలు ఏళ్ల తరబడి సీసాలో మారి ఆ వాసన తెచ్చుకుంటాయి. దానికోసమే ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లున్నారు. నేనింకా ఆ జట్టులో చేరలేదు.

రీస్లింగ్ చలికి ఓర్చుకుంటుంది, కానీ చాలా ఆలస్యంగా పండుతుంది. అక్టోబరులో, ఒక్కోసారి నవంబరులో కోత. 50వ అక్షాంశం దగ్గర అంతవరకు ఎండ దొరకాలంటే తోట దక్షిణం వైపు వాలిన కొండ మీద ఉండాలి, కింద నది ఉండాలి, కాళ్ల కింద పలకరాయి ఉండాలి. మోజెల్ నది లోయలో ఇవి మూడూ ఉన్నాయి. నల్లని పలకరాళ్లు పగలు ఎండను పీల్చుకుని రాత్రి వేడిని వదులుతాయి. బ్రెమ్ ఊరి పైనున్న కాల్మోంట్ తోట కొన్నిచోట్ల 65 డిగ్రీల వాలు. అక్కడ మనుషులే ఎక్కాలి, బుట్టలు మనుషులే మోయాలి. ఇప్పుడు పంటి పట్టా మీద పాకే చిన్న బండ్లు వచ్చాయి గాని, కత్తిరించడం, కట్టడం, కోయడం చేతిపనే. కోతకొచ్చేది ఎక్కువగా పోలండ్, రొమేనియా కూలీలు.

ఇంత కష్టపడి ఈ కొండల మీద మొదట తీగలు పెంచింది రోమన్లు. ట్రియర్ వాళ్ల పెద్ద నగరం. పీస్‌పోర్ట్ ఊళ్లో వాళ్ల ద్రాక్షగానుగ 1985లో తవ్వకాల్లో బయటపడింది. వాళ్లు పండించింది రీస్లింగ్ కాదు లెండి. రోమన్ల తర్వాత కొండలు మఠాల చేతికి వచ్చాయి. చర్చి పూజకు వైన్ కావాలి, మఠం ఖజానాకు ఆదాయం కావాలి. రైన్‌గావ్‌లో 1136లో మొదలైన ఎబెర్‌బాఖ్ మఠం అప్పట్లో పెద్ద వైన్ వ్యాపార సంస్థ. యొహానిస్‌బెర్గ్ మఠాన్ని 1716లో ఫుల్డా మఠాధిపతి కొని, 1720 నుంచి కొండంతా దాదాపు 2.94 లక్షల తీగలు నాటించాడు. ఒక కొండ మొత్తాన్ని దాదాపు రీస్లింగ్‌తోనే నింపడం అంతవరకు ఎవరూ చేయలేదు.

ఆ కొండ మీద చెప్పుకునే కథ ఒకటుంది. కోత మొదలుపెట్టాలంటే ఫుల్డా నుంచి అనుమతి రావాలి. 1775లో ఆ అనుమతి తెచ్చే రౌతు వారాల తరబడి ఆలస్యం చేశాడు. పళ్లకు బూజు పట్టి, ముడతలుపడి, ఎండుద్రాక్షలా అయ్యాయి. పారేయడం ఇష్టంలేక వైన్ చేస్తే అద్భుతంగా వచ్చింది. ఆ రౌతు ఎందుకు ఆలస్యం చేశాడన్నదానికి ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. ఆ బూజు నీటిని తీసేసి తీపిని మిగిల్చే మంచి బూజు. అప్పటి నుంచి ఆలస్యపు కోతను పద్ధతిగా చేసుకున్నారు. ‘ష్పేట్‌లేజె’ అని చీటీల మీద కనిపించేది అదే. యొహానిస్‌బెర్గ్ కోట ముంగిట్లో ఆ ఆలస్యపు రౌతుకు విగ్రహం కూడా పెట్టారు. పని ఆలస్యం చేసినందుకు జర్మనీలో విగ్రహం దక్కినవాడు ఇంకొకడు ఉంటాడనుకోను.

తర్వాత నెపోలియన్ వచ్చాడు. రైన్ నది ఎడమ ఒడ్డు ఫ్రాన్స్‌లో కలిసింది. చర్చి మాన్యాలన్నిటినీ ప్రభుత్వం స్వాధీనం చేసుకుని వేలం వేసింది. వందల ఏళ్లుగా మఠాలకు కౌలు కట్టిన ఊళ్లలో చేతిలో డబ్బున్నవాళ్లు తోటలు పాడుకున్నారు. దానితోపాటే పిల్లలందరికీ ఆస్తి సమానంగా పంచాలన్న ఫ్రెంచి చట్టమూ పాతుకుపోయింది. నాలుగు తరాలు గడిచేసరికి ఒక్కో కుటుంబానికి ఒక్కో కొండ మీద నాలుగైదు వరసల చొప్పున, ముక్కలు ముక్కలుగా మిగిలింది. కుడి ఒడ్డున యొహానిస్‌బెర్గ్‌కు మాత్రం వేరే రాత. 1816లో ఆస్ట్రియా చక్రవర్తి దాన్ని తన మంత్రి మెటర్నిక్‌కు బహుమతిగా ఇచ్చాడు. ఏటా పంటలో పదో వంతు తనకివ్వాలని షరతు పెట్టడం మాత్రం మరిచిపోలేదు.

మోజెల్ లోయ 1815లో ప్రష్యా కిందికి వచ్చింది. మొదట్లో బాగానే గడిచింది. ప్రష్యా సుంకాల గోడ చాటున బయటి వైన్లు లోపలికి రాలేదు. మోజెల్ రైతులు అప్పులు చేసి తోటలు పెంచారు. 1828లో హెస్సెన్‌తో, 1834లో మిగతా జర్మన్ రాజ్యాలతో సుంకాల ఒప్పందం కుదిరేసరికి ఆ గోడ కూలింది. దక్షిణాది వైన్ చౌకగా వచ్చి పడింది. ధర పడిపోయింది, పన్ను మాత్రం తగ్గలేదు. వరసగా చెడ్డ పంటలు కూడా తోడయ్యాయి. తోటలు అమ్ముకున్నవాళ్లు, ఓడెక్కి అమెరికా, బ్రెజిల్ వెళ్లిపోయినవాళ్లు ఎందరో.

ఈ సంగతి పత్రికకెక్కించినవాడిని మీరు బాగా ఎరుగుదురు. 1818లో ట్రియర్‌లో పుట్టిన కార్ల్ మార్క్స్. తండ్రి లాయరు. దగ్గర్లోని రూవర్ లోయలో ఆ కుటుంబానికీ ద్రాక్షతోట ఉండేది. కొలోన్‌లో వచ్చే ‘రైనిషె జైటుంగ్’కు మార్క్స్ సంపాదకుడిగా ఉన్నప్పుడు, మోజెల్ రైతుల దుస్థితి మీద ఒక విలేఖరి పేరు లేకుండా రాశాడు. ఆ ప్రాంతపు పెద్ద అధికారి అవన్నీ అబద్ధాలని, ఆధారాలు చూపించమని సవాలు చేశాడు. 1843 జనవరిలో మార్క్స్ తానే కలం పట్టి జవాబు రాశాడు. అర్జీలు, నివేదికలు, అధికారుల ఉత్తరాలు పేర్చి చూపించాడు. లోపం ఒక్క అధికారిది కాదని, తనను తానే పరీక్షించుకోలేని పాలనా యంత్రాంగానిదని వాదించాడు. ప్రభుత్వం పత్రికను ఆ మార్చి చివరికల్లా మూయించింది. అడవిలో పుల్లలు ఏరుకుంటే దొంగతనమన్న చట్టం మీద, మోజెల్ రైతుల మీద సాగిన వాదాలే తనను మొదటిసారి ఆర్థిక విషయాల వైపు తిప్పాయని మార్క్స్ 1859లో రాసుకున్నాడు. విశాలాంధ్ర, ప్రజాశక్తి పుస్తకాల షాపుల్లో మార్క్స్ గ్రంథాలు కొని చదివిన తరం మన దగ్గర ఉంది. వాటి మూలాల్లో కొంత రీస్లింగ్ కొండల అప్పుల బాధ ఉందని ఇక్కడికొచ్చాకే నాకు తెలిసింది.

ప్రష్యా వాళ్లు మాత్రం శిస్తు వదల్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో రైత్వారీ సెటిల్మెంట్ చేసినప్పుడు నేలలను తరాలుగా విడగొట్టి శిస్తు కట్టినట్టే, ఇక్కడా ఏ తోట ఎంత ఆదాయమిస్తుందో చూసి తరగతులు కట్టారు. 1868లో ఆ లెక్కలతో మోజెల్, జార్ తోటల పటం అచ్చు వేశారు. ఎక్కువ ఆదాయమొచ్చే తోటకు ముదురు రంగు. అప్పటి రైతు తన తోట లేత రంగులో ఉంటే బాగుండునని కోరుకునే ఉంటాడు. ఇప్పుడు అదే పటాన్ని చట్రం కట్టించి అమ్మకపు గదిలో గోడకు తగిలిస్తున్నారు, మా తోట అప్పుడే ముదురు రంగులో ఉంది చూడండి అని చూపించడానికి.

ఆ పటం వచ్చిన కాలమే రీస్లింగ్‌కు మంచికాలం. విక్టోరియా రాణి 1845లో మైంజ్ పక్కనున్న హోఖ్‌హైమ్‌కు వచ్చి వెళ్లింది, ఆమె పేరు ఒక తోటకు పెట్టుకున్నారు. 19వ శతాబ్దం చివర లండన్ వర్తకుల ధరల పట్టీల్లో మంచి రీస్లింగ్ బోర్డో గొప్ప వైన్లతో సమానంగా, కొన్నిసార్లు వాటికి మించి పలికింది.

ఆ ధరలు పలికించిన వర్తకుల్లో యూదులు చాలామంది. మైంజ్, బింగెన్, ట్రియర్ ఊళ్లలో వైన్ వ్యాపారం పెద్ద ఎత్తున వాళ్ల చేతిలో ఉండేది. 1933 తర్వాత అయిదారేళ్లలో నాజీలు వాళ్ల దుకాణాలు, నేలమాళిగలు, ఆ తర్వాత ప్రాణాలు కూడా లాక్కున్నారు. కొనేవాళ్లు లేక పీపాలు పేరుకుపోతే, ఊళ్లకు వైన్‌పల్లెలను దత్తత ఇచ్చే ప్రచారం మొదలుపెట్టారు. 1935లో ‘జర్మన్ వైన్ రహదారి’ అని ఒక దారి ప్రారంభించారు. పర్యాటకులు నేటికీ ఆ దారిలోనే తిరుగుతారు. ఎందుకు వేశారో చెప్పే గైడ్లు తక్కువ. మైంజ్‌లో పుట్టి చిన్నతనంలోనే దేశం వదిలిన పీటర్ సిషెల్ అమెరికా గూఢచారి సంస్థలో పనిచేసి, తర్వాత ఇంటి వ్యాపారానికి తిరిగొచ్చి, ‘బ్లూ నన్’ అనే తీపి వైన్‌ను ప్రపంచమంతా అమ్మాడు. జర్మన్ వైన్ అంటే చౌక తీపినీళ్లు అన్న పేరు అలాంటి సీసాలతోనే స్థిరపడింది.

ఆ పేరుకు చట్టం కూడా సాయం చేసింది. 1971 చట్టం వైన్ నాణ్యతను కోతనాటి రసంలో ఎంత తీపి ఉందన్న ఒక్క కొలతతో నిర్ణయించింది. కాబినెట్, ష్పేట్‌లేజె, ఆవుస్‌లేజె అన్న మెట్లు ఆ కొలతతో కట్టినవే. ఏ కొండ అన్నది వెనక్కి పోయింది. దాదాపు 30,000 తోటల పేర్లను కలిపేసి 2,600 చేశారు. అంతకన్నా పెద్ద మోసం ఇంకొకటుంది. ‘పీస్‌పోర్టర్ గోల్డ్‌ట్రోప్ఫ్‌హెన్’ అంటే పీస్‌పోర్ట్ వెనక నిలువుగా లేచిన పలకరాతి కొండ. ‘పీస్‌పోర్టర్ మిషెల్స్‌బెర్గ్’ అంటే చుట్టుపక్కల ఊళ్ల చదును నేలలు కూడా కలిపిన పెద్ద ప్రాంతం. చీటీ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ చదును నేలల్లో 1882లో గైసెన్‌హైమ్‌లో పుట్టించిన మ్యూలర్-తుర్గావ్ అనే సంకరజాతి తొందరగా పండి, విరగకాసింది. 1970ల్లో విస్తీర్ణంలో రీస్లింగ్‌ను దాటిపోయింది. 1985లో ఆస్ట్రియా వైన్లలో రసాయనం కలిపి చిక్కదనం తెచ్చారన్న గొడవ జర్మన్ సీసాలనూ తాకింది. జనం తీపి వైన్‌కే దండం పెట్టేశారు. 1990ల్లో రీస్లింగ్ మళ్లీ మొదటి స్థానానికొచ్చింది గాని, చాలావరకు తీపి లేని రూపంలో. 2021లో చట్టం మార్చి కొండ పేరుకు మళ్లీ విలువ ఇస్తున్నారు. యాభై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు ప్రపంచంలో అన్ని దేశాలకన్నా ఎక్కువ రీస్లింగ్ జర్మనీలోనే ఉంది, దాదాపు 24,000 హెక్టార్లు. ఎండలు ముదిరాయి కాబట్టి పండదేమోనన్న పాత భయం లేదు. కొత్త చిక్కు వేరే. తీగ మీదే గడ్డకట్టిన పళ్లతో చేసే ఐస్‌వైన్‌కు మైనస్ 7 డిగ్రీల చలి కావాలి. 2019 పంటకు దేశంలో ఎక్కడా ఆ చలి రాలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒకే గుర్తు చెబుతాను. ద్రాక్షరసంలో తీపిని ఈస్ట్ తినేసి ఆల్కహాల్ చేస్తుంది. మధ్యలో ఆపితే తీపి మిగులుతుంది, ఆల్కహాల్ తగ్గుతుంది. కాబట్టి చీటీ మీది కాబినెట్, ష్పేట్‌లేజె మెట్ల పేర్లతో తికమకపడకుండా ఆల్కహాల్ శాతం చూడండి. 8 దగ్గర ఉంటే తీపి, 12 దాటితే తీపి దాదాపు ఉండదు. మన కారానికి 8 శాతం కాబినెట్ బాగా కుదురుతుంది. ఆల్కహాల్ ఎక్కువైతే మంట పెరుగుతుంది, తీపి ఉంటే తగ్గుతుంది. కోడివేపుడుతో తాగి చూడండి. ఆవకాయ జోలికి మాత్రం వెళ్లకండి, ఆ ఆవఘాటు ముందు ఏ వైనూ నిలవదు. తాగే అలవాటు లేనివాళ్లు పీస్‌పోర్ట్ దాకా వెళ్లి నది అవతలి ఒడ్డున నిలబడి కొండ చూసినా చాలు. ఎప్పుడైనా కొట్లో పీస్‌పోర్ట్ పేరుతో రెండు సీసాలు పక్కపక్కన కనిపిస్తే, మిషెల్స్‌బెర్గ్‌ను అక్కడే వదిలేసి, నాలుగు యూరోలు ఎక్కువైనా గోల్డ్‌ట్రోప్ఫ్‌హెన్ తీసుకోండి.