నరాల బలహీనత నుంచి నీటి పంపు దాకా

‘నరాల బలహీనతకు గ్యారంటీ వైద్యం’ అన్న రాత ఆంధ్రదేశపు బస్టాండు గోడల మీద దశాబ్దాలుగా కనిపిస్తూనే ఉంది. ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో డాక్టరుగారు దొరుకుతారని దాని కింద చిన్నక్షరాలు. ఆ రాతలో ‘నరాల బలహీనత’ అంటే అంగస్తంభన సమస్యే. దానికి మందులంటూ ప్రకటనలు ఇవ్వకూడదని 1954లోనే కేంద్రం చట్టం చేసింది. అయినా ఇంట్లో చెప్పుకోలేక, ఆసుపత్రిలో అడగలేక మగవాళ్లు ఆ లాడ్జి మెట్లే ఎక్కారు.

పెద్దాసుపత్రుల్లో మాత్రం ఏముంది? 1970ల దాకా ఈ సమస్య చాలామటుకు మనసు జబ్బేనని డాక్టర్లూ నమ్మేవారు. 1936లో రష్యన్ సర్జన్ నికొలాయ్ బొగొరాజ్ పక్కటెముక మృదులాస్థిని అంగం లోపల అమర్చి చూశాడు. అలా పెట్టిన మృదులాస్థి పోనుపోను కరిగిపోయేది.

మలుపు 1973లో వచ్చింది. హ్యూస్టన్ యూరాలజిస్టు బ్రాంట్లీ స్కాట్, మిన్నెసోటాకు చెందిన నరాల వైద్యుడు విలియం బ్రాడ్లీ, ఇంజినీరు జెరాల్డ్ టిమ్ కలిసి నీటితో పనిచేసే ఇంప్లాంటును వైద్యలోకం ముందు పెట్టారు.

కొండ మీది నీటిని గొట్టాల్లో దించి కరెంటు తీసే సీలేరు వాళ్లకు నీటి ఒత్తిడి సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ ఇంప్లాంటులోనూ పని చేసేది ఆ ఒత్తిడే. అంగంలో రెండు మెత్తని గొట్టాలు, పొత్తికడుపులో సెలైన్ తిత్తి, వృషణాల సంచిలో చిన్న పంపు ఉంటాయి. పంపును పలుసార్లు నొక్కితే సెలైన్ గొట్టాల్లోకి చేరి అంగం గట్టిపడుతుంది. మీట నొక్కితే మళ్లీ తిత్తిలోకి వెళ్లిపోతుంది. బయటికి ఏమీ కనిపించదు, స్పర్శా సాధారణంగా పోదు. కానీ ఒకసారి అమర్చాక సహజ స్తంభన తిరిగి రాదు. అందుకే 1998లో వయాగ్రా వచ్చాక, మాత్రలూ ఇంజెక్షన్లూ పనిచేయని వాళ్లకే దీన్ని సూచిస్తున్నారు. 2001 నుంచి యాంటీబయాటిక్ పూతతో రావడంతో ఇన్ఫెక్షన్ల భయమూ బాగా తగ్గింది.

తెలుగునాట అంగస్తంభన సమస్య మాటను గోడల మీంచి పత్రికల్లోకి తెచ్చినవారిలో విజయవాడ డాక్టర్ సమరం ముందుంటారు. హైదరాబాద్‌లో డాక్టర్ సుధాకర్ కృష్ణమూర్తి మగవాళ్ల సమస్యలకే ప్రత్యేకంగా ‘ఆండ్రోమెడా’ కేంద్రం పెట్టారు. దిగుమతి పంపు ధర లక్షల్లో ఉంటుంది కాబట్టి, ముంబయి డాక్టర్ రూపిన్ షా రూపొందించిన, పంపు లేని చవక రకం ఇంప్లాంటు ఎందరికో దారి చూపింది.

ఈ సమస్య ఉన్న సీలేరు మనిషికి ముందు కావలసింది ఆపరేషన్ కాదు, చింతపల్లి ప్రభుత్వాసుపత్రిలో షుగరు, బీపీ పరీక్షలు. ఆ రెండూ రక్తనాళాలను దెబ్బతీస్తాయి. అంగంలోని నాళాలు సన్ననివి కాబట్టి, గుండెజబ్బు బయటపడటానికి కొన్నేళ్ల ముందే ఈ లక్షణం కనిపించవచ్చు.