క్యాథ్ ల్యాబ్ కిరణాలు: ఒక సింహావలోకనం

1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డెలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన చేతి నరంలోంచి సన్నటి గొట్టాన్ని గుండె దాకా పోనిచ్చుకున్నాడు. అది గుండెకు చేరిందని రుజువు చేసింది ఎక్స్‌రే. అప్పటినుంచీ గొట్టం వెళ్లిన ప్రతి చోటికీ కిరణమూ తోడు వెళ్తోంది.

ఆ కిరణం చేసే చేటు అప్పటికే వైద్యరంగానికి తెలుసు. ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ దానివల్లే 1904లో మరణించాడు. 1936లో హాంబర్గ్‌లో నిలిపిన స్మారకం మీద ఇలా బలైనవారి పేర్లు 169 చెక్కారు.

1958లో క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ గుండె ధమనుల చిత్రాలు తీశారు. 1977లో జూరిక్‌లో వైద్యుడు గ్రుంట్‌జిగ్ బెలూన్‌తో మూసుకుపోతున్న గుండె ధమనిని తెరిచారు; ఈ చికిత్సే యాంజియోప్లాస్టీ. అంతవరకూ ప్రధానంగా గుండె జబ్బును చూపించడానికే పనికొచ్చిన కిరణం ఇక చికిత్స సాగినంతసేపూ వెలగాల్సి వచ్చింది. చిక్కు అక్కడే మొదలైంది. ధమనిలోని మొండి అడ్డంకిని తొలగించడానికి గంటలు పడితే, కిరణం రోగి వీపు మీద ఒకేచోట పడుతూ ఉంటుంది. మోతాదు 2 గ్రే (శరీరం పీల్చుకున్న కిరణానికి కొలమానం) దాటితే చర్మం ఎర్రబడవచ్చు, బాగా మించితే వారాల తర్వాత పుండు పడుతుంది. అప్పటికి రోగి ఇంటికి చేరి ఉంటాడు. ఆ పుండుకు యాంజియోప్లాస్టీకి సంబంధం ఉందని అతనికి తోచదు, చూసిన చర్మవైద్యుడికీ తోచకపోవచ్చు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిపై వైద్యులను హెచ్చరించింది 1994లో. గ్రుంట్‌జిగ్ తర్వాత 17 ఏళ్లకు! ఇంత ఆలస్యం క్షమించరానిది.

సిబ్బంది సంగతి వేరు. వారిని తాకేది ప్రధానంగా రోగి శరీరం నుంచి చెదిరి వచ్చే కిరణం. లెడ్ ఏప్రాన్ ఒంటిని కాపాడుతుంది, కళ్లను కాపాడదు. కంటి కటకంలో మచ్చలు బయటపడ్డాక, 2011లో అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘం కంటి మోతాదు హద్దును ఏడాదికి 150 మిల్లీసీవర్ట్‌ల నుంచి, అయిదేళ్ల సగటున 20కి దించింది. కొందరు గుండె వైద్యులకు మెదడు కణితులు వచ్చాయని, అవి ఎక్కువగా ఎక్స్‌రే ట్యూబుకు దగ్గరగా ఉండే ఎడమవైపే ఉన్నాయని తర్వాత నివేదికలు వచ్చాయి. కారణం కిరణమేనని రుజువు కాలేదు. అలాగని తోసిపారేయడానికీ లేదు.

తెలుగునాట 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకం పేదలకూ స్టెంటును (ధమనిని తెరిచి ఉంచే జాలి గొట్టాన్ని) అందుబాటులోకి తెచ్చింది. అది గొప్ప మేలు. అందుకే ఇప్పుడు జాగ్రత్త మరింత అవసరం. సిబ్బందికి తగిలిన మోతాదును కొలిచేందుకు ఏప్రాన్ లోపల పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జికి కంటికి తగిలింది తెలియదు. రోజంతా ఈ చికిత్సలు జరిగే క్యాథ్ ల్యాబ్‌లో నిలబడే నర్సుకు, టెక్నీషియన్‌కు సీసపు కళ్లద్దాలు, వేలాడే రక్షణ తెర తప్పక ఇవ్వాలి. రోగి డిశ్చార్జి కాగితంలో మోతాదు అంకె రాయాలి. ఆసుపత్రులు ఇవ్వకపోతే, అడిగి తీసుకోండి.