ఒంటిగంట బెల్ తర్వాత ఇంకో గంట

ఫోన్ మోగుతుంది. టైం 9:22. పరీక్ష 10 గంటలకు.

"మేడమ్, నా స్క్రైబ్ రావట్లేదు. రాత్రి నుంచి జ్వరమట."

యూనివర్సిటీలో సమాన అవకాశాల సెల్ బాధ్యత మీది. టేబుల్ మీద స్కాలర్‌షిప్ ఆగిపోయిన విద్యార్థుల జాబితా ఉంది. దాని కింద, హాస్టల్లో కులం పేరుతో దూషించారన్న ఫిర్యాదు. అందులో పేర్లున్నాయి. ఫిర్యాదును డ్రాయర్‌లో పెట్టి తాళం వేస్తారు. స్క్రైబ్‌ల ఫైలు చంకన పెట్టుకుని మెట్లు దిగుతారు.

ఎగ్జామ్ బ్లాక్ ముందు ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఎం.ఏ. ఎకనామిక్స్. పెన్ను పట్టుకున్న కాసేపటికే ఆమె వేళ్లు బిగుసుకుపోతాయి. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంటుంది. ఎడమచేత్తో దాన్ని విప్పుకుంటే తప్ప రాదు. చదివిందంతా తలలో ఉంది. కాగితం మీదికి దింపే మనిషే లేదు.

మీరే కూర్చుని రాసిపెడితే? కుదరదు. స్క్రైబ్ చదువు, పరీక్ష రాసేవాళ్ల చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలి. మీ పీహెచ్‌డీయే మీకు అడ్డం. ఆమె స్నేహితురాళ్లు? వాళ్లకూ ఇప్పుడు ఇదే పేపరు.

రీడింగ్ రూమ్ వైపు నడక కాస్తా పరుగవుతుంది. కిటికీ పక్కన ఓ కుర్రాడు నోట్సు రాసుకుంటున్నాడు. డిగ్రీ రెండో ఏడాది, బోటనీ. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.

"ఎకనామిక్స్ వచ్చా బాబూ?"

"అస్సలు రాదు మేడమ్."

"మంచిది. ఐడీ కార్డు తీసుకుని నాతో రా."

9:41. చీఫ్ సూపరింటెండెంట్ గది. ప్రశ్నపత్రాల కవర్లు టేబుల్ మీదున్నాయి. ఆయన కుర్రాడి వంక చూస్తారు, తర్వాత పర్మిషన్ కాగితం వంక.

"ఇందులో వేరే పేరుంది కదా మేడమ్. పైగా ఈ అమ్మాయికి సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 30 శాతమే. 40 లేనిదే స్క్రైబ్ ఎలా ఇస్తాం? రూల్స్ మీకు తెలియనివా?"

ఇప్పుడేం చేస్తారు? రిజిస్ట్రార్‌కి ఫోన్ చేయించొచ్చు. ఆయన చెబితే పని అయిపోతుంది. కానీ వచ్చే సెమిస్టర్‌లో ఆ అమ్మాయి మళ్లీ ఇదే గుమ్మంలో, మళ్లీ ఎవరో ఒకరి మాట సాయం కోసం నిలబడాలి.

మీరు ఫైలు తెరుస్తారు. పైన సుప్రీంకోర్టు తీర్పు, 2021 ఫిబ్రవరి. వికాష్ కుమార్ అనే సివిల్స్ అభ్యర్థికి రాస్తుంటే చేయి బిగుసుకుపోయే జబ్బు. 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను కాదనకూడదని కోర్టు తేల్చింది. దాని కింద, ఆ తీర్పు తర్వాత 2022 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు: 40 శాతం లోపు ఉన్నా, రాయడం కష్టమని ప్రభుత్వ వైద్యులు ధ్రువీకరిస్తే చాలు. ఆ సర్టిఫికెట్ ఆమె దగ్గరుంది. చివర్లో 2018 నాటి మార్గదర్శకాలు. అత్యవసరమైతే స్క్రైబ్‌ను మార్చుకునే వెసులుబాటు ఉండాలన్న వాక్యం కింద ఎర్రగీత మీరు గీసిందే.

ఆయన చదువుతున్నారు. 9:52.

"రేపు మాల్‌ప్రాక్టీస్ అంటే ఎవరిది బాధ్యత?"

"కెమెరా ఉన్న గది ఇవ్వండి సార్. ఇన్విజిలేటర్‌ను వేయండి. కుర్రాడి వివరాల కింద నేను సంతకం పెడతాను."

9:57. ఆయన పెన్ను తీస్తారు.

విడిగా ఇచ్చిన గదిలో ఆమె చెబుతోంది, అతను రాస్తున్నాడు. "ఎలాస్టిసిటీ" దగ్గర ఆగిపోతాడు. ఆమె ఒక్కో అక్షరం పలుకుతుంది. తర్వాత డిమాండ్ రేఖ. "నిలువు గీత మీద ధర. అడ్డగీత మీద పరిమాణం. ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి గీయి. అలా కాదు, ఇంకాస్త వాలుగా." చేతితో అర నిమిషంలో గీసే బొమ్మకు మూడు నిమిషాలు పోతాయి. అదనపు సమయం ఇచ్చేది ఇందుకే. గంటకు కనీసం 20 నిమిషాలు. మూడు గంటల పేపరుకు మరో గంట. ఆమెకు 2 వరకు టైముంది.

ఒంటిగంట. బెల్.

మీరు వరండాలో ఉన్నారు. లోపల కుర్చీ జరిగిన చప్పుడు.

"ఇచ్చేయమ్మా. టైమైపోయింది."

మీరు గుమ్మంలోకి వస్తారు. ఆన్సర్ బుక్‌లెట్ ఒక అంచు ఇన్విజిలేటర్ చేతిలో ఉంది. రెండో అంచు ఆమె ఎడమచేతిలో. కుర్రాడు పెన్ను పైకెత్తి పట్టుకున్నాడు.

"ఆమెకు 2 వరకు ఉంది సార్."

"నా చార్టులో 1 అనే ఉంది. బండిల్ సీల్ చేయాలి."

"ఆమె పేపరు విడి కవర్లో పెట్టండి. ఇదిగో చీఫ్ సంతకం."

"నా డ్యూటీ అయిపోయింది."

ఆయన లాగుతున్నారు. ఆమె వదలదు. కాగితం చిరిగితే? అంతా పోయినట్టే.

"ముందు వదలండి సార్."

వదిలారు.

ఆయన స్థానంలో మీరు కూర్చోవచ్చా? వద్దు. కుర్రాడిని తెచ్చింది మీరే. పర్యవేక్షణా మీరే చేస్తే రేపు ఆ పేపరునే అనుమానిస్తారు. చీఫ్‌కు ఫోన్ చేస్తారు. మరో ఇన్విజిలేటర్ వచ్చేసరికి 1:06. పోయిన ఆరు నిమిషాలను మీరు వదులుకోరు. ముగింపు సమయం 2:06 అని రాయించి, పక్కన కొత్తగా వచ్చిన ఇన్విజిలేటర్ పొట్టి సంతకం తీసుకుంటారు.

బయటికి రాగానే మళ్లీ ఫోన్. మధ్యాహ్నం 2 గంటల పేపరు. వీల్‌చైర్‌లో వచ్చే విద్యార్థి. హాలు రెండో అంతస్తులో. లిఫ్ట్ పనిచేయట్లేదు.

"పర్లేదు మేడమ్," అంటున్నారు అతని స్నేహితులు. "నలుగురం ఉన్నాం, కుర్చీతో సహా మోసుకుపోతాం."

మెట్ల మీద ఒక్కరి కాలు జారితే?

"మోయకండి. అతని సీటే కిందికి తెప్పిద్దాం. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఏ గది ఖాళీగా ఉందో చూసి నాకు చెప్పండి. నేను చీఫ్ దగ్గరికి వెళ్తున్నా."

టైం 1:12.