మెయిల్ క్యూ నిర్వహణ

ఈమెయిల్ సర్వర్ తక్షణం అందజేయలేని సందేశాలను డిస్కులో దాచి, మళ్లీ మళ్లీ పంపి చూసే వరుస మెయిల్ క్యూ. యానాంలోని మెట్టకూరులో ఒక కార్యాలయం సొంత సర్వర్ నడుపుతోందనుకుందాం. గోదావరి వరదకో తుపానుకో కరెంటు పోయి అది ఆగినా, రావలసిన ఉత్తరాలు పోవు; పంపినవారి సర్వర్ల క్యూల్లో భద్రంగా ఉంటాయి. మళ్లీ ప్రయత్నించడానికి కనీసం 30 నిమిషాలు ఆగాలనీ, 4, 5 రోజులైనా ఆశ వదలరాదనీ 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321 అనే ఈమెయిల్ ప్రమాణం చెబుతుంది.

అవతలి సర్వర్ ఇచ్చిన కోడ్ 4తో మొదలైతే అడ్డంకి తాత్కాలికం, ఉత్తరం క్యూలో నిలుస్తుంది. 5తో మొదలైతే శాశ్వతం, తిరుగుటపా తప్పదు.

వీట్సే వెనెమా రూపొందించగా 1998లో విడుదలైన మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌లో ఇన్‌కమింగ్ (కొత్తగా వచ్చినవి), యాక్టివ్ (పంపుతున్నవి), డిఫర్డ్ (వాయిదా పడినవి), హోల్డ్ (ఆపి ఉంచినవి) క్యూలు విడివిడిగా ఉంటాయి. మామూలు అమరికలో ప్రయత్నాల మధ్య విరామం 300 సెకన్ల నుంచి 4,000 సెకన్ల దాకా పెరుగుతుంది. 5 రోజులకు ఉత్తరం వెనక్కి వస్తుంది.

క్యూ ఉబ్బిందని మొత్తం ఒకేసారి తోసేయడం నిర్వాహకులు తరచూ చేసే, నష్టం తెచ్చే పని. స్పందించని సర్వర్లకే మళ్లీ మళ్లీ ప్రయత్నించడంతో మంచి ఉత్తరాలూ ఆలస్యమవుతాయి. ఏ డొమైన్‌కు వెళ్లేవి పేరుకున్నాయో ముందు చూడాలి. ఎవరి పాస్‌వర్డో దొంగల పాలై స్పామ్ పోతుంటే, ఆ ఉత్తరాలను హోల్డ్‌లో పెట్టి, ఖాతా మూసి, పరిశీలించాకే తుడిచేయాలి.

తెలుగు లిపిలోని చిరునామాలను పోస్ట్‌ఫిక్స్ 2015లో వచ్చిన 3.0 నుంచి అంగీకరిస్తోంది. అవతలి సర్వర్‌కు ఆ సామర్థ్యం లేకపోతే ఉత్తరం క్యూలో ఆగదు, నేరుగా తిరిగొస్తుంది.