వేషం మనిషిని మింగినప్పుడు: ప్రదర్శక కళాకారులపై మనోవైజ్ఞానిక చిత్రాలు (1947–2010)

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కళలో మునిగి తమను తాము కోల్పోయిన కళాకారుల గురించి వచ్చిన ముఖ్య చిత్రాలను పోల్చగలుగుతారు.
• సినిమాను చరిత్ర ఆధారంగా చదివే పద్ధతిని వివరించగలుగుతారు.
• కళాకారుడి పతనానికి బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం కాలాన్ని బట్టి ఎలా మారిందో విశ్లేషించగలుగుతారు.

9.1 పరిచయం

మంచి నటుణ్ణి చూసినప్పుడు 'పాత్రలో జీవించాడు' అంటాం. అది మెచ్చుకోలు మాట. కాని వేషం తీసేసిన తరువాత కూడా ఆ పాత్ర మనిషిని వదలకపోతే? ఈ ప్రశ్న చుట్టూ అల్లిన చిత్రాలు అనేక దేశాలలో వచ్చాయి. వీటిలో నటులు, నర్తకులు, గాయకులు ఏది రంగస్థలమో, ఏది జీవితమో తెలియని స్థితికి చేరుకుంటారు.

ఈ చిత్రాలను వ్యాధి కథలుగా చదివేవారు ఎక్కువ. చరిత్ర విద్యార్థికి అది చాలదు. ఇవి వైద్య సాక్ష్యాలు కావు. ఒక కాలం కళాకారుడి శ్రమను, యజమానిని, ప్రేక్షకుణ్ణి ఎలా చూసిందో తెలిపే ఆధారాలు. అందువల్ల ఈ పాఠంలో ప్రతి చిత్రాన్నీ ఒకే ప్రశ్న అడుగుదాం: ఈ పతనానికి ఎవరు బాధ్యులని చిత్రం చెబుతోంది?

9.2 పాత్ర ఆవహించడం: 'ఎ డబుల్ లైఫ్'

1947లో జార్జ్ క్యూకర్ దర్శకత్వంలో వచ్చిన ఈ అమెరికన్ చిత్రంలో ఆంథొనీ జాన్ అనే నటుడు షేక్‌స్పియర్ ఒథెల్లో పాత్ర ధరిస్తాడు. నాటకం విజయవంతమై నెలల తరబడి నడుస్తుంది. ఒథెల్లో అనుమానం క్రమంగా నటుడి అనుమానంగా మారుతుంది. హోటల్లో పనిచేసే ఒక యువతిని చంపి, చివరకు రంగస్థలం మీదనే తనను తాను పొడుచుకుంటాడు. ఈ పాత్రకు రోనాల్డ్ కోల్‌మన్ ఉత్తమ నటుడిగా ఆస్కార్ పొందాడు. ఇక్కడ నింద పాత్ర మీద పడుతుంది. పాత్ర దయ్యంలా పట్టిందన్న పాత నమ్మకానికి సినిమా కొత్త రూపం ఇచ్చింది.

9.3 యజమాని ఆజ్ఞ: 'ది రెడ్ షూస్'

మరుసటి సంవత్సరం, 1948లో, మైకేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ బ్రిటన్‌లో ఈ చిత్రం తీశారు. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ కథలో ఎర్ర బూట్లు తొడుక్కున్న బాలిక నాట్యం ఆపలేదు. బూట్లే ఆమెను ఆడిస్తాయి. చిత్రంలో ఆ కథ ఒక బాలే ప్రదర్శనగా వస్తుంది. దానిలో నర్తించే విక్టోరియా పేజ్ జీవితం కూడా అదే దారిన సాగుతుంది. ఆ పాత్ర వేసిన మొయిరా షియరర్ నిజ జీవితంలోనూ బాలే నర్తకి.

బాలే బృందాధిపతి లెర్మంతోవ్ దృష్టిలో కళ, ప్రేమ ఒక ఒరలో ఇమడని కత్తులు. విక్టోరియా స్వరకర్త జూలియన్‌ను ప్రేమించిందని తెలిసి అతణ్ణి పంపివేస్తాడు. ఆమె కూడా బృందాన్ని విడిచి అతణ్ణి పెళ్లాడుతుంది. కాని 'రెడ్ షూస్' బాలేపై హక్కులు లెర్మంతోవ్ చేతిలోనే ఉంటాయి. ఆ నృత్యం చేయాలంటే ఆమె అతని దగ్గరకే రావాలి. ఇది గమనించదగిన విషయం. ఎర్ర బూట్లకు మంత్రశక్తి ఉందో లేదో గాని, హక్కుల పత్రానికి మాత్రం బలం ఉంది. భర్త కూడా నీ కళా, నేనా అని నిలదీస్తాడు. ఇద్దరు పురుషుల మధ్య నలిగి, ఆమె రైలు ముందుకు దూకుతుంది.

ఆ రాత్రి లెర్మంతోవ్ తెర ముందుకు వచ్చి, గొంతు పెగలక, ఆమె ఇక నర్తించలేదని ప్రకటిస్తాడు. ప్రదర్శన ఆగదు. ఆమె ఉండవలసిన చోట వెలుగు మాత్రమే కదులుతుంది. దోషి ఎవరో ఈ చిత్రం దాచలేదు. అతణ్ణి ప్రేక్షకుల ముందు నిలబెట్టింది. యుద్ధకాలంలో స్వేచ్ఛ కోసం చావమన్నారని, తమ చిత్రం కళ కోసం చావమన్నదని పావెల్ తరువాత తన ఆత్మకథలో రాశాడు. రేషన్ ఇంకా సాగుతున్న బ్రిటన్‌లో ఆ మాట ఎంత ఆకర్షణీయమో, ఎంత ప్రమాదకరమో ఊహించండి.

9.4 ప్రేక్షకుల చూపు: 'పర్ఫెక్ట్ బ్లూ'

జపాన్ దర్శకుడు సతోషి కోన్ తీసిన మొదటి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రం ఇది (1997). మిమా అనే యువతి గాయక బృందాన్ని వదిలి టీవీ నటిగా మారుతుంది. అభిమానులకు ఆమె నిష్కల్మషమైన పాటల బొమ్మగానే కావాలి. ఒక వెబ్‌సైట్‌లో ఎవరో ఆమె పేరుతో రోజూ డైరీ రాస్తుంటారు. దాన్ని చదివి, నిజమైన మిమా తనా, ఆ డైరీలోనిదా అని ఆమె సందేహంలో పడుతుంది.

సీరియల్లో అత్యాచార సన్నివేశానికి మిమా స్వయంగా ఒప్పుకుంటుంది. పని ఇప్పించినవారికి ఇబ్బంది కలిగించకూడదన్నది ఆమె ఆలోచన. ఇంటికి వెళ్లి ఒంటరిగా కుమిలిపోతుంది. బలవంతం చేసినవాడు ఎవరూ కనబడడు; అయినా బలవంతం ఉంది. లెర్మంతోవ్ వంటి ఒక్క యజమాని స్థానంలో ఇక్కడ సంస్థ, అభిమానులు, మార్కెట్ కలిసి నిలబడ్డాయి.

9.5 లోపలి యజమాని: 'బ్లాక్ స్వాన్'

డారెన్ అరొనోఫ్‌స్కీ చిత్రం 'బ్లాక్ స్వాన్' (2010) మళ్లీ బాలే ప్రపంచానికి వస్తుంది. చైకోవ్‌స్కీ 'స్వాన్ లేక్'లో నిర్మలమైన తెల్ల హంసను, మోసగత్తె అయిన నల్ల హంసను ఒకే నర్తకి నర్తించడం ఆనవాయితీ. 'రెడ్ షూస్'లో లెర్మంతోవ్ ఒక చిన్న థియేటర్‌కు వెళ్లి విక్టోరియాను చూసేది కూడా 'స్వాన్ లేక్' ప్రదర్శనలోనే. అందువల్ల ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చదవడం లాభదాయకం.

నీనాకు తెల్ల హంస సులభం, నల్ల హంస కష్టం. దర్శకుడు తోమా ఆమెను అదుపు వదలమంటాడు, లైంగికంగా వేధిస్తాడు. ఒకప్పుడు నర్తకి అయిన తల్లి ఆమెను పసిపిల్లలా ఇంట్లో కట్టిపడేస్తుంది. వయసు మీరిన బెత్‌ను సంస్థ పక్కకు నెడుతుంది. ఈ ఒత్తిళ్లన్నీ నీనా చర్మం మీద గాయాలుగా, అద్దంలో కదిలే మరో రూపంగా కనబడతాయి. చివరకు ప్రత్యర్థిని పొడిచానని భ్రమపడి, అద్దం ముక్కతో తననే పొడుచుకుంటుంది. ఆ గాయంతోనే అద్భుతంగా నర్తిస్తుంది. ఈ పాత్రకు నటాలీ పోర్ట్‌మన్ ఆస్కార్ పొందింది.

ముగింపులను పోల్చండి. 1948లో యజమాని వేదికపై నిలబడి కుప్పకూలుతాడు. 2010లో యజమాని పరుగున వచ్చి, ఏం చేశావని నీనానే అడుగుతాడు. ఆమె తన పరిపూర్ణత గురించి సంతృప్తితో చెబుతుంది. బయటి ఆజ్ఞ ఆమె సొంత కోరికగా మారిపోయింది. ఆజ్ఞ కోరికగా మారినప్పుడు ఆజ్ఞాపించినవాడు లెక్కలోంచి తప్పుకుంటాడు.

9.6 భారతీయ చిత్రాలు: మరొక ప్రశ్న

మన చిత్రాలు ఈ సమస్యను సమాజం వైపు నుంచి చూశాయి. షాజీ ఎన్. కరుణ్ మలయాళ చిత్రం 'వానప్రస్థం' (1999)లో కుంజికుట్టన్ పేద కథకళి కళాకారుడు. వేదికపై అర్జునుడు, వేషం తీస్తే జన్మ కారణంగా చిన్నచూపుకు గురయ్యే మనిషి. ఉన్నత కుటుంబానికి చెందిన సుభద్ర అర్జునుణ్ణి ప్రేమిస్తుంది, కుంజికుట్టన్‌ను కాదు. పుట్టిన బిడ్డను కూడా చూడనివ్వదు. ఇక్కడ పాత్ర, మనిషి మధ్య గోడ కట్టింది మనోవ్యాధి కాదు, సామాజిక అంతస్తు.

కె. విశ్వనాథ్ 'సాగర సంగమం' (1983) మీలో చాలామంది చూసే ఉంటారు. బాలు పెళ్లిళ్లలో వంట చేసే తల్లి కొడుకు. గొప్ప వేదిక దక్కబోయే వేళ తల్లి మరణంతో అది చేజారుతుంది. తరువాత తాగుడు, పతనం. విక్టోరియాను, నీనాను వేదిక మింగింది. బాలును వేదిక లేకపోవడం మింగింది. కళకు బలైనవారి గురించి రాసేటప్పుడు, అవకాశమే దొరకనివారిని మరచిపోరాదని ఈ చిత్రం గుర్తుచేస్తుంది.

9.7 సారాంశం

ఈ చిత్రాలలో నింద పాత్ర నుంచి యజమానికి, యజమాని నుంచి మార్కెట్‌కు, చివరకు కళాకారిణి మనసుకు జరుగుతూ వచ్చింది. భారతీయ చిత్రాలు జన్మను, పేదరికాన్ని కూడా లెక్కలోకి తెచ్చాయి. 'కళ కోసం ప్రాణమిచ్చారు' అన్న మాట వినడానికి గొప్పగా ఉంటుంది. కాని ఆ ప్రదర్శనకు హక్కులు ఎవరివి, ఆదాయం ఎవరికి, చప్పట్లు కొట్టింది ఎవరు అని అడగడం చరిత్ర విద్యార్థి విధి.

9.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'ఎ డబుల్ లైఫ్' చిత్రంలో పాత్రకు, నటుడికి గల సంబంధాన్ని వివరించండి.
2. 'పర్ఫెక్ట్ బ్లూ'లో వెబ్‌సైట్ డైరీ ప్రాధాన్యం ఏమిటి?

II. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'ది రెడ్ షూస్', 'బ్లాక్ స్వాన్' చిత్రాల ముగింపులను పోల్చి, యజమాని పాత్రలో వచ్చిన మార్పును చర్చించండి.
2. మీ ప్రాంతంలోని ఒక నాటక, హరికథ లేదా బుర్రకథ కళాకారుడితో మాట్లాడి, ఆయన జీవనోపాధి పరిస్థితులను 'సాగర సంగమం'తో పోల్చండి.