ఓరుగల్లు కథలో రాణి ఒక్కరేనా?

ఓరుగల్లును ఏలిన కాకతీయ రాణి రుద్రమదేవి పేరు వినని తెలుగు పిల్లలు అరుదు. అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’, నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’ ఎన్ని తరాల పాఠకులనో ఓరుగల్లు కోటలోకి తీసుకెళ్లాయి. 2015లో వచ్చిన సినిమా అదే కోటను వెండితెర మీద నిలబెట్టింది. ఆ నవలల మీద గౌరవంతోనే ఒక ప్రశ్న వేయాలి. పదిహేనేళ్ల పాఠకుల కోసం ఇవాళ ఎవరైనా కాకతీయుల కాలం మీద నవల రాయబోతే, కథ మళ్లీ అంతఃపురంలో మొదలై యుద్ధభూమిలోనే ముగియాలా? గొర్లకాపరి కొడుకూ, గుడిలో ఆడే అమ్మాయీ, ఓడ దిగిన పరదేశీ కథను నడిపించకూడదా? ఈ మాట అనగానే ఒక జవాబు తయారుగా ఉంటుంది: అది చరిత్ర కాదు, ఇవాళ్టి అభిప్రాయాలను పాతకాలానికి అంటగట్టడం అని. నేను దీనికి సరిగ్గా ఎదురు చెబుతాను. ఆ కాలం మనకు మిగిల్చిన రాళ్ల మీదా, కావ్యాల్లోనూ సామాన్యులు దండిగా ఉన్నారు. వాళ్లను వదిలేసిన కథే ఆధారాలకు దూరంగా జరిగిన కథ.

రాణి దగ్గరే మొదలుపెడదాం. ఆమె ఎప్పుడు కన్నుమూసిందో చెప్పే చందుపట్ల శాసనం నల్లగొండ జిల్లాలో దొరికింది. దాని కాలం 1289 నవంబరు. దాన్ని వేయించినవాడు రాజూ కాదు, రాజబంధువూ కాదు. సేనాని మల్లికార్జున నాయకుడి కొలువులో పనిచేసిన పువ్వుల ముమ్మడి. రాణీ, తన నాయకుడూ శివలోకం చేరారనీ, వాళ్ల పుణ్యం కోసం సోమనాథదేవుడికి భూమి ఇస్తున్నాననీ చెక్కించాడు. తెలుగువాళ్లు అంతగా తలచుకునే రాణి మరణవార్త ఒక కొలువుకాడి కృతజ్ఞత వల్ల మనదాకా వచ్చింది. బాపిరాజు, నోరి తమ నవలలు రాసేనాటికి ఈ శాసనం వెలుగులోకి రాలేదు. ఇప్పుడు రాసేవాళ్లకు అది చేతిలో ఉంది. యజమానినీ రాణినీ ఒకేసారి పోగొట్టుకుని, ఉన్నదాంట్లోంచి భూమి తీసి దానమిచ్చిన ఆ మనిషి ఇంట్లో ఆ ఏడాది ఎలా గడిచి ఉంటుందన్నది నవలకు సరిపోయే ప్రశ్న.

ముమ్మడి ఒంటరి కాదు. 1261 నాటి మల్కాపురం శాసనం గోళకీ మఠాధిపతి విశ్వేశ్వర శివాచార్యులకు రుద్రమ ఇచ్చిన దానం గురించినది. అందులో విద్యాలయం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రం ఉన్నాయి. ఆ సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరు వచ్చినా అన్నం పెట్టాలన్న నియమం ఉంది. ఆపైన ఊరికి కావలసిన కంసాలి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి, గుడిలో ఆడేవాళ్లూ వాయించేవాళ్లూ ఒక్కొక్కరుగా లెక్కకు వస్తారు. తీరాంధ్ర గుళ్ల శాసనాలు చూస్తే మరో లోకం కనిపిస్తుంది. దేవుడి ముందు అఖండదీపం వెలగాలంటే నెయ్యి కావాలి. నెయ్యి కోసం దాత ఆవులనో గొర్రెలనో ఇచ్చేవాడు. వాటిని మేపి, రోజూ ఇంత నెయ్యి అని గుడికి పోసే బాధ్యత ఒక బోయడు తీసుకునేవాడు. అతని పేరు రాతి మీద ఉంటుంది, ఆ బాధ్యత కొడుకులకూ మనుమలకూ సంక్రమిస్తుందన్న మాటా ఉంటుంది. తాత ఒప్పుకున్న నెయ్యిని, మంద చచ్చిన కరువు సంవత్సరంలో మనుమడు ఎక్కణ్నుంచి తెచ్చాడు? ఏ కోట ముట్టడికీ తీసిపోని ఉత్కంఠ ఇందులో ఉంది. బయ్యారం చెరువు తవ్వించింది రుద్రమ తండ్రి గణపతిదేవుడి చెల్లెలు మైలమ. ఆమె రాజకుటుంబపు మనిషే, కానీ ఆ చెరువు కింద నారు పోసిన చేతులు వేరు. ఓడరేవు మోటుపల్లిలో 1244 ప్రాంతంలో గణపతిదేవుడు వేయించిన అభయశాసనం మరీ గొప్పది. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాగేసుకునేవారనీ, తాను మాత్రం న్యాయమైన సుంకమే తీసుకుంటాననీ అందులో ఉంది. కర్పూరం, చందనం, ముత్యాలు, పట్టు, మిరియాలు దిగే ఆ రేవులో ఎన్ని భాషలు వినిపించి ఉంటాయో వేరే చెప్పాలా?

శాసనాల్లో పేర్లుంటాయి గాని బతుకులుండవు కదా, నవలకు అవి చాలవు కదా అనవచ్చు. ఆ సందేహానికి సురవరం ప్రతాపరెడ్డి 1949లోనే జవాబిచ్చాడు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆయన రాజుల వంశావళిని పక్కనబెట్టి తిండి, బట్ట, ఆటలు, జాతరలు, పన్నులు కావ్యాల్లోంచి ఏరి చూపించాడు. ఆయన వాడుకున్న ‘క్రీడాభిరామం’ ఒక్కటి చాలు. ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో ఒక పగలంతా తిరుగుతారు. పూటకూళ్ల ఇంట్లో భోజనం, కోడిపందెం, పల్నాటి వీరుల కథ పాడటం, వారకాంత మాచలదేవి చిత్రశాల అన్నీ కళ్లకు కడతాయి. ఆ కావ్యం చూపు విలాసపురుషుడిది, స్త్రీలను చూసే తీరులో అది దాగదు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని వాడుకోవాలి. పూటకూళ్లావిడ వైపు నుంచి అదే పగటిని తిరిగి రాస్తే ఎంత కొత్త ఊరు కనిపిస్తుందో!

అసలు బలమైన అభ్యంతరం కాలదోషం. పదమూడో శతాబ్దపు పిల్ల నోట ఇవాళ్టి హక్కుల భాష పెడితే కథ అబద్ధమవుతుంది. ఇది నిజం, ఈ తప్పు తేలిగ్గా జరుగుతుంది కూడా. మల్కాపురం సత్రంలో అందరికీ అన్నం పెట్టారంటే అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టారని అర్థం కాదు. రుద్రమను సంస్కర్తగా మార్చి రాస్తే ఆమెకూ అన్యాయమే, ఆ సత్రం బయట నిలబడ్డవాడికీ అన్యాయమే. అయితే కాలదోషం ఒక్క వైపు నుంచే రాదు. ఇవాళ్టి కులాల గోడలను ఉన్నవి ఉన్నట్టు వెనక్కి జరపడమూ కాలదోషమే. కాకతీయుల కాలపు శాసనాలను వందల్లో పరిశీలించిన చరిత్రకారిణి సింథియా టాల్బట్ చెప్పేది ఇదే. దాతలు తమను పుట్టుకను బట్టి కంటే చేసే పనినీ పొందిన హోదానూ బట్టి ఎక్కువగా చెప్పుకున్నారు. తండ్రికి ఒక బిరుదూ కొడుకుకు మరొకటీ ఉన్న సందర్భాలున్నాయి. ఆ సమాజం సమానమైనది కాదు, కానీ మనం ఊహించుకున్నంత కదలిక లేనిదీ కాదు. ఆ కాలంలో ఎవరూ కులాన్ని ప్రశ్నించలేదన్న మాట అంతకంటే పెద్ద పొరపాటు. పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’ జానుతెనుగులో ద్విపదగా వచ్చింది. అందులో చాకలి మడివాలు మాచయ్య ఉన్నాడు, మాదర చెన్నయ్య ఉన్నాడు. ఆ చెన్నయ్య అంబలిని శివుడే వచ్చి తాగుతాడు. పల్నాటి వీరుల కథలో మాల కన్నమదాసు సేనాని, బ్రహ్మనాయుడు అందరినీ చాపకూటికి, అంటే ఒకే పంక్తి భోజనానికి, కూర్చోబెట్టినవాడు. ఇవి భక్తి కథలు, వీరగాథలు, అక్షరాలా జరిగినవని నేననను. కానీ ఆనాటి, ఆ తర్వాతి తెలుగు జనం అలాంటి కథలు చెప్పుకున్నారు, విన్నారు. కాబట్టి కథలో ఒక పిల్లవాడు ‘నా ఎంగిలి దేవుడికి పనికొచ్చినప్పుడు నా నీడ మీకెందుకు పనికిరాదు’ అని అడిగితే అది పదమూడో శతాబ్దపు ప్రశ్నే. రచయిత చూసుకోవలసింది ఆ ప్రశ్నకు దక్కే జవాబూ, దానికి ఆ పిల్లవాడు చెల్లించే వెలా ఆ కాలానివై ఉండటం.

పిల్లలకు వీరులు కావాలి, కష్టాలు కాదన్న మాటకు ఎక్కువ జవాబు అక్కరలేదు. కారెంపూడిలో ఏటా జరిగే వీరుల ఉత్సవంలో కన్నమదాసు పేరు ఇప్పటికీ పలుకుతుంది. వీరత్వానికి కోటగోడ అవసరం లేదని పల్నాడుకు ఎప్పుడో తెలుసు. ఇక ఎవరి కథ ఎవరు రాయాలన్న చర్చ ఉంది. బయటివాళ్లు రాయకూడదని నేననను. కాని కన్నమదాసు కథ రాయబోయేవాళ్లు ముందు ఆ కథను పాడుతూ వచ్చినవాళ్ల దగ్గర కూర్చుని వినాలి. అచ్చయిన పుస్తకంతో సరిపెట్టుకుంటే కథలో సగమే చేతికొస్తుంది.

వైవిధ్యం పేరుతో ఒక వర్గాన్ని మంచిగా, మరొకదాన్ని చెడ్డగా చూపించే ప్రలోభం, ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి చిక్కిన 1323 దగ్గర అన్నిటికంటే ఎక్కువ. ఆ తర్వాత తెలుగు నేల పడ్డ బాధను ప్రోలయ నాయకుడి విలస శాసనం ఘోరంగా వర్ణిస్తుంది. దాన్ని తేలిక చేయకూడదు. అదే కాలంలో తెలంగాణ నుంచి ఢిల్లీ చేరి, ఇస్లాం స్వీకరించి, ఫిరోజ్ తుగ్లక్‌కు వజీరైన మాలిక్ మక్బూల్ గురించి ఫార్సీ చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు. ఆ కాలం మీద నవల రాసేవాళ్లు విలస శాసనాన్నీ అఫీఫ్ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకోవాలి. ఊరు తగలబడటం చూసిన పిల్లా, ఢిల్లీలో కొత్త పేరుతో బతికిన తెలుగువాడూ ఒకే కథలో ఉండాలి. ఇద్దరిలో ఎవరినీ రెండోవారికి సంజాయిషీగా వాడుకోకూడదు.