మాంధాత ఇంటికి వచ్చిన సాయంత్రం

జగ్గయ్యపేట పక్కన ధనబోడు అనే గుట్ట ఉంది. ఊరికి ఆ పేరు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట పెట్టినది. అంతకు ముందు అది బేతవోలు. గుట్ట మీది బౌద్ధస్తూపం మాత్రం ఈ రెండు పేర్లకూ ఎంతో ముందుది. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడ పరిశోధించాడు. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద ఆయన గ్రంథం 1887లో వెలువడింది. ఇక్కడి శిల్పఫలకాలు మద్రాసు మ్యూజియం చేరాయి. గుట్ట మీద శిల్పం లేని గుండ్రని కట్టడం మిగిలింది.

వెళ్ళిపోయినవాటిలో ముఖ్యుడు మాంధాత చక్రవర్తి. చేయి పైకెత్తి నిలుచున్నాడు. మేఘాల నుంచి చదరపు నాణేలు వానగా రాలుతున్నాయి. చుట్టూ ఏనుగు, గుర్రం, చక్రం మొదలైన సప్తరత్నాలు.

1990లలో నందిగామలో చదువుకునే రోజుల్లో నా దగ్గరొక పాత పెట్టె కెమెరా ఉండేది. 120 ఫిల్ముకు పన్నెండు బొమ్మలు. మీట నొక్కడానికీ, రీలు తిప్పడానికీ దానిలో సంబంధం లేదు. ఒకసారి తిప్పడం మరచిపోయి, సున్నం కొట్టిన గోడనూ మిత్రుని ముఖాన్నీ ఒకే చట్రంలో తీశాను. గోడ తెలుపు ముఖాన్ని మింగేసింది; గోడలో చీకటిగా ఉన్న కిటికీలో మాత్రం అతని కన్ను ఒకటి స్పష్టంగా కనిపించింది. ఫిల్ము మీద ఒకసారి పడిన వెలుగును రెండోసారి పడే చిత్రం చెరపలేదు. చీకటి ఉన్నచోటే ఇంకా ఖాళీ ఉంటుంది. ఆ పాఠం నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఆ పొరపాటు చెప్పింది.

ఈ విద్య పాతదేనని తరువాత తెలిసింది. రేలాండర్ అనే ఛాయాగ్రాహకుడు 1857లోనే ముప్పైకి పైగా నెగటివులను కలిపి ఒకే చిత్రం చేసి మాంచెస్టరులో ప్రదర్శించాడు. మరుసటి ఏడే, 1858లో, మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు లిన్నేయస్ ట్రైప్ అమరావతి శిలలను ఉన్నవి ఉన్నట్టు తీశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిలలవి. 1859లో వాటిని లండను పంపేశారు. ఒకరిది కల్పన, ఒకరిది సాక్ష్యం. నాకు రెండూ కావాలనిపించింది.

మద్రాసు మ్యూజియంలో అనుమతి చీటీ కొని మాంధాత ఎదుట నిలిచాను. మొదట మిత్రుని దగ్గర అరువు తెచ్చిన మరో కెమెరాతో, ఫ్లాషుతో తీశాను. జగ్గయ్యపేట శిల్పం లోతు తక్కువ చెక్కడం. ఎదురుగా కొట్టిన వెలుగుకు అది పలక మీద గీసిన ముగ్గులా చదునైపోయింది. ఫ్లాషు మానేసి, నా పెట్టె కెమెరాను ఒక అంచున ఆనించి, పక్క నుంచి వచ్చే పలుచని వెలుగులో మూత తెరచి ఎనిమిది లెక్కపెట్టాను. నాణేల అంచులకు నీడలు వచ్చాయి. చుట్టూ చీకటి. అది పన్నెండో బొమ్మ. రీలు తిప్పలేదు.

ఆ కెమెరాను తువ్వాలులో చుట్టి రైల్లో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. నాలుగు రోజుల తరువాత నందిగామ నుంచి బస్సెక్కి, పొద్దు వాలేవేళ ధనబోడు ఎక్కాను. ఆకాశం ఎక్కువగా పడితే చక్రవర్తి కరిగిపోతాడు. అందుకని స్తూపం నీడవైపు చట్రం మధ్యకు వచ్చేలా వంగి కూర్చుని మీట నొక్కాను.

స్టూడియో ఆయన, “చివరిది పాడైంది బాబూ, ఒకదానిమీదొకటి పడ్డాయి” అంటూ జాలిగా చేతికిచ్చాడు. బొమ్మలో మాంధాత మసకగా, తన గుట్ట నీడలో నిలబడి ఉన్నాడు. తల మాత్రం సంధ్యాకాశంలో కలిసిపోయింది. పైకెత్తిన చేయి మిగిలింది.

ఆ ఆనందం ఒక వారం ఉంది. తరువాత ఆ బొమ్మ చూసిన బంధువు ఒకాయన, “మన గుట్ట మీద ఇంత బొమ్మ ఉందని తెలియదే, రేపే పోయి చూడాలి” అన్నాడు. నాకు గుండె జారింది. పోయిన దాన్ని ఉన్నట్టు చూపించాను. అది పోయిందన్న బాధను కూడా చెరిపేశాను. చరిత్రకు అంతకంటే పెద్ద ద్రోహం ఏముంది?

ఇక్కడి ఆయక స్తంభాల శాసనం గుర్తుకు వచ్చింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యవ ఏట, సిద్ధార్థుడనే పనివాడు తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలిపి, తానెవరో, ఎవరి కొడుకో, ఏమి ఇచ్చాడో రాతి మీద రాయించుకున్నాడు. చేసినదేదో దాచకుండా చెప్పడం ఈ గుట్టకు ఆనాటి నుంచీ ఉన్న అలవాటు.

బొమ్మ వెనక్కి తిప్పి రాశాను: “రెండు బొమ్మలు కలిపినది. రాయి మద్రాసులో ఉంది. గుట్ట జగ్గయ్యపేటలో ఉంది.”

2022లో మా ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి విడివడి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. ఊరి పేరు ఒకప్పుడు మారింది, ఇప్పుడు జిల్లా పేరూ మారింది. బొమ్మ వెనుక నేను రాసిన మాట మాత్రం నేటికీ మార్చవలసిన అవసరం రాలేదు. రావాలనే నా కోరిక.